మల్టీప్లెక్సింగ్

మల్టీప్లెక్సింగ్ అనగా ఒకే తీగ, కేబుల్ లేదా గాజు తంతువు గుండా అనేక సంకేతాలను ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా పంపే పద్ధతి. పంపే కొసలో సంకేతాలను ఒకచోట చేర్చే పరికరాన్ని మల్టీప్లెక్సర్ అనీ, అందుకునే కొసలో వాటిని తిరిగి విడదీసే పరికరాన్ని డీమల్టీప్లెక్సర్ అనీ అంటారు. టెలిఫోను ట్రంకు లైన్లు, కేబుల్ టీవీ, బ్రాడ్‌బ్యాండ్, సముద్ర గర్భపు కేబుళ్ళు అన్నీ ఈ పద్ధతి మీదనే ఆధారపడి ఉన్నవి. గుంటూరు, ప్రకాశం ప్రాంతపు పత్తి, మిరప పొలాల మధ్య కరెంటు స్తంభాల మీదుగా సాగిపోయే సన్నని నల్లని కేబుల్‌లో టెలివిజన్, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడూ కలిసి ప్రయాణించడానికి కారణం ఇదే. ఈ వ్యాసంలో మల్టీప్లెక్సింగ్ సూత్రాలను వీలైనంతవరకు ఈ ప్రాంతపు ఉదాహరణలతో వివరించడం జరిగింది.

అవసరం

సమాచార వ్యవస్థలో అన్నిటికన్నా ఖరీదైనది సాధారణంగా మార్గమే. స్తంభాలు పాతడం, కందకాలు తవ్వడం, తీగ లాగడం, తెగినప్పుడు అతకడం అన్నీ ఖర్చుతో కూడిన పనులు. ప్రతి సంభాషణకూ ఒక ప్రత్యేకమైన తీగ వేయాలంటే గుంటూరు నుండి ఒంగోలుకు ఒకేసారి వేయి మంది మాట్లాడటానికి వేయి జతల తీగలు కావలసి వస్తుంది. ఊళ్ళు దూరదూరంగా, ఇళ్ళు తక్కువగా ఉండే మెట్ట ప్రాంతాలలో ఈ ఖర్చును ఏ సంస్థా భరించలేదు. ఒక తీగను వందల మంది పంచుకోగలిగినప్పుడే దూరపు పల్లెకు కూడా టెలిఫోను, ఇంటర్నెట్టు అందుబాటు ధరలో చేరుతాయి. కావున మల్టీప్లెక్సింగ్ అనేది సాంకేతిక విషయమే కాక, ఎవరికి సమాచారం అందుతుంది, ఎవరికి అందదు అన్న ప్రశ్నకు సంబంధించిన విషయం కూడా.

మూలసూత్రం

రెండు సంకేతాలు ఒకే తీగలో ప్రవేశించినపుడు అవి ఒకదానినొకటి నాశనం చేసుకోవు. ఏ క్షణంలో చూసినా తీగలోని వోల్టేజి ఆ రెండు సంకేతాల వోల్టేజీల మొత్తానికి సమానంగా ఉంటుంది. భౌతిక శాస్త్రంలో దీనిని అధ్యారోపణ సూత్రం అంటారు. భజనలో హార్మోనియం, తాళాలు, మద్దెల ధ్వనులు ఒకే గాలిలో కలిసి వచ్చినా చెవి వాటిని వేరువేరుగా గుర్తించగలగడం ఈ సూత్రానికి నిత్య జీవితంలోని ఉదాహరణ.

తీగలో సంకేతాలు కలిసిపోవడాన్ని ఎవరూ ఆపలేరు. కలిసినవాటిని మళ్ళీ విడదీయడానికి వీలుగా ముందే ఒక కట్టుబాటు చేసుకోవడమే మల్టీప్లెక్సింగ్‌లోని కిటుకు. దీనిని ఒక చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చును.

ఇద్దరు వ్యక్తులు చెరొక అంకెను పంపాలి, కాని అందుకునేవానికి ఆ రెండింటి మొత్తం మాత్రమే చేరుతుందనుకుందాము. మొత్తం 11 అని వస్తే అది 4, 7 కావచ్చు, 5, 6 కావచ్చు, మరేదైనా కావచ్చు. అయితే మొదటివాడు తన అంకెను పదుల స్థానంలోనూ, రెండవవాడు ఒకట్ల స్థానంలోనూ పంపాలని ముందే నియమం పెట్టుకుంటే 4, 7 అనేవి 40 + 7 = 47 గా చేరుతాయి. అందుకున్నవాడు 47 ను చూడగానే మొదటి అంకె 4 అనీ, రెండవది 7 అనీ నిస్సందేహంగా చెప్పగలడు. రెండవవాడు నియమం తప్పి 13 పంపితే మొత్తం 53 అవుతుంది. అప్పుడు తప్పు చేయని మొదటివాని అంకె కూడా 5 గా మారిపోతుంది. సంకేతాల మధ్య జోక్యం అంటే ఇదే. ఒకరు హద్దు దాటితే నష్టం పక్కవారికి కూడా కలుగుతుంది.

సంకేతాలకు ఇచ్చే "స్థానం" పౌనఃపున్యం కావచ్చు, సమయం కావచ్చు, కాంతి తరంగదైర్ఘ్యం కావచ్చు. దానినిబట్టి మల్టీప్లెక్సింగ్‌లో ముఖ్యమైన పద్ధతులు ఏర్పడినవి.

పద్ధతులు

పౌనఃపున్య విభజన

ఈ పద్ధతిలో ప్రతి సంకేతానికీ వేరువేరు పౌనఃపున్యాల పట్టీని కేటాయిస్తారు. టెలిఫోనులో మానవ స్వరానికి 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల వరకు ఉన్న పట్టీ సరిపోతుంది. అందరి స్వరాలూ ఇదే పట్టీలో ఉంటాయి కావున నేరుగా కలిపితే విడదీయడం సాధ్యం కాదు. అందువల్ల ఒక్కొక్క స్వరాన్ని ఒక్కొక్క వాహక తరంగం మీద ఎక్కించి పై పౌనఃపున్యాలకు జరుపుతారు. ఇలా జరపడాన్ని మాడ్యులేషన్ అంటారు. అవతలి కొసలో ఫిల్టర్లు తమకు సంబంధించిన పట్టీని మాత్రమే వడపోసి, దానిని తిరిగి మొదటి స్థానానికి దించుతాయి.

ట్రంకు టెలిఫోను వ్యవస్థలో ఒక్కొక్క స్వరానికి 4 కిలోహెర్ట్జ్‌ల స్థలం కేటాయించి, 12 స్వరాలను 60 నుండి 108 కిలోహెర్ట్జ్‌ల మధ్య వరుసగా అమర్చేవారు. స్వరానికి నిజంగా కావలసినది 3.1 కిలోహెర్ట్జ్‌లే. మిగిలిన 0.9 కిలోహెర్ట్జ్ పక్క స్వరానికి తగలకుండా విడిచే ఎడం. దీనిని గార్డ్ బ్యాండ్ అంటారు. పత్తిలో కందిని అంతర పంటగా వేసే రైతు సాళ్ళ మధ్య ఎడం విడిచినట్లే ఇది. ఎడం ఎక్కువైతే భూమి వృథా, తక్కువైతే ఒక పంట మరొకదానిని అణచివేస్తుంది. ఫిల్టరు ఎంత నిక్కచ్చిగా కోయగలిగితే ఎడం అంత తగ్గించవచ్చును.

కాల విభజన

ఈ పద్ధతిలో తీగ అంతా ఒక్కొక్క సంకేతానికి కొద్దిసేపు చొప్పున వంతులవారీగా దక్కుతుంది. నీరు చాలనపుడు కాలువ కింది ఆయకట్టుకు వంతులవారీగా నీరు వదలినట్లే ఇక్కడ కూడా జరుగుతుంది. తేడా అల్లా వంతు నిడివిలోనే. కాలువ వంతులు రోజులలో ఉంటే, తీగ మీది వంతులు సెకనులో లక్షల వంతు భాగాలలో ఉంటాయి.

స్వరాన్ని ఎడతెగకుండా పంపనవసరం లేదన్నది ఈ పద్ధతికి ఆధారం. ఒక సంకేతంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెండు రెట్లకు మించిన వేగంతో నమూనాలు తీస్తే, ఆ నమూనాల నుండి మొత్తం సంకేతాన్ని తిరిగి నిర్మించవచ్చును. 4 కిలోహెర్ట్జ్‌ల స్వరానికి సెకనుకు 8,000 నమూనాలు చాలు. అనగా రెండు నమూనాల మధ్య 125 మైక్రోసెకన్ల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో తీగ ఖాళీగానే ఉంటుంది కావున ఇతరుల నమూనాలను అందులో పంపవచ్చు.

భారతదేశంలోనూ ఐరోపాలోనూ వాడుకలోకి వచ్చిన ప్రమాణం ప్రకారం ఈ 125 మైక్రోసెకన్లను 32 వంతులుగా విభజిస్తారు. ఒక్కొక్క వంతులో 8 బిట్లు పోతాయి. 30 వంతులు సంభాషణలకు, ఒకటి రెండు కొసల గడియారాలను సరిచూసుకోవడానికి, మరొకటి కాలు కలపడం, ముగించడం వంటి ఆదేశాలకు వాడతారు. ఒక్కొక్క సంభాషణకు సెకనుకు 64 కిలోబిట్లు, మొత్తం మార్గానికి 2.048 మెగాబిట్లు అవుతుంది. ఈ లెక్కలో ఒక్కొక్కరి వంతు సుమారు 3.9 మైక్రోసెకన్లే అయినా మాట్లాడేవారికి ఆ తెంపు ఏమాత్రం తెలియదు.

తరంగదైర్ఘ్య విభజన

ఆప్టికల్ ఫైబర్‌లో సంకేతాలు కాంతి రూపంలో పోతాయి. వేరువేరు తరంగదైర్ఘ్యాలు గల కాంతులను, అనగా వేరువేరు "రంగుల"ను, ఒకే తంతువులో పంపి అవతల పట్టకం వంటి పరికరంతో విడదీయవచ్చును. నిజానికి ఇది కూడా పౌనఃపున్య విభజనే, కాంతి విషయంలో తరంగదైర్ఘ్యంతో చెప్పడం ఆనవాయితీ. ఇందులో వాడేది పరారుణ కాంతి కావున కంటికి కనపడదు. కనపడదు కదా అని వెలుగుతున్న ఫైబరు కొసలోకి తొంగి చూడడం కంటికి ప్రమాదకరం.

దూరప్రాంతపు మార్గాలలో 1,550 నానోమీటర్ల సమీపంలో 80 లేదా అంతకు మించిన తరంగదైర్ఘ్యాలను దగ్గరదగ్గరగా అమర్చి ఒకే తంతువులో పంపుతారు. వాటిలో ప్రతిదీ మరల కాల విభజన ద్వారా వేలాది సంకేతాలను మోస్తుంది. సముద్ర గర్భపు కేబుళ్ళు ఈ విధంగానే పనిచేస్తాయి.

ప్యాకెట్ల పద్ధతి

స్థిరమైన వంతులలో ఒక లోపం ఉన్నది. ఒకరు మౌనంగా ఉన్నా వారి వంతు వృథాగా పోతుంది. ఇంటర్నెట్టులో సమాచారాన్ని చిన్న చిన్న మూటలుగా కట్టి, ప్రతి మూట మీద చేరవలసిన చిరునామా రాసి, ఎవరికి అవసరముంటే వారి మూటను ముందుకు పంపుతారు. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే లారీలో నలుగురు రైతుల టిక్కీలు కలిసి ఉన్నా, ప్రతి టిక్కీ మీద గుర్తు ఉంటుంది గనుక ఎవరి సరుకు వారికే లెక్కకు వస్తుంది. ప్యాకెట్లలో జరిగేదీ అదే.

చరిత్ర

ఒకే తీగ మీద ఎక్కువ వార్తలు పంపాలనే ప్రయత్నం టెలిగ్రాఫు కాలం నుండీ ఉన్నది. 1874లో థామస్ ఎడిసన్ ఒకే తీగ మీద ఒక్కో దిశలో రెండు చొప్పున నాలుగు వార్తలు పంపే విధానాన్ని రూపొందించాడు. అదే సంవత్సరం ఫ్రాన్సు దేశస్థుడు ఎమిల్ బోదో వంతులవారీగా తీగను పంచుకునే టెలిగ్రాఫు యంత్రానికి పేటెంటు పొందాడు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ కూడా వేరువేరు స్వరస్థాయిలతో ఒకే తీగ మీద అనేక టెలిగ్రాములు పంపే ప్రయత్నంలో ఉండగానే 1876లో టెలిఫోనును సాధించాడు. 1910లో జార్జ్ ఓవెన్ స్క్వయర్ అమెరికాలో వాహక తరంగాల సహాయంతో ఒకే జత తీగల మీద ఒకటికి మించిన టెలిఫోను సంభాషణలు పంపి చూపాడు.

భారతదేశంలో 12 స్వరాల క్యారియర్ వ్యవస్థ 1953లో ప్రవేశించింది. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య ఆపరేటరు సహాయం లేకుండా నేరుగా ట్రంకు కాల్ చేసుకునే మొదటి మార్గం ఏర్పడింది. కాల విభజన మీద పనిచేసే మొదటి డిజిటల్ మార్గం 1975లో ముంబై నగరం, అంధేరీ ఎక్స్ఛేంజీల మధ్యనూ, మొదటి ఆప్టికల్ ఫైబర్ మార్గం 1979లో పుణెలోనూ మొదలైనవి. గాజు తంతువును దూరసమాచారానికి వాడవచ్చునని 1966లో ప్రతిపాదించిన చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో

ఈ ప్రాంతపు జిల్లాలు 2022లో పునర్విభజన పొందినవి. అప్పుడే పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడినవి. ఇక్కడ చెప్పే విషయాలు పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల మొత్తానికి వర్తిస్తాయి.

కేబుల్ టీవీ

సామాన్య ప్రజలు మల్టీప్లెక్సింగ్ ఫలితాన్ని మొదట కళ్ళారా చూసినది కేబుల్ టీవీలో. 1995లో ఈటీవీ, జెమిని టీవీ ప్రసారాలు ప్రారంభమైన తరువాత తెలుగు పల్లెలలో కేబుల్ వేగంగా విస్తరించింది. ఊరిలోని కంట్రోల్ రూములో డిష్ యాంటెన్నాలు ఉపగ్రహాల నుండి చానళ్ళను అందుకునేవి. ఒక్కొక్క చానల్‌ను ఒక్కొక్క మాడ్యులేటరు 7 లేదా 8 మెగాహెర్ట్జ్‌ల వెడల్పు గల ప్రత్యేక పట్టీలోకి జరిపేది. అన్నిటినీ కంబైనరులో కలిపి ఒకే కోయాక్సియల్ కేబుల్ మీద వీధులలోకి పంపేవారు. ఇంట్లో టీవీ మీట నొక్కి చానల్ మార్చడమంటే టీవీలోని ఫిల్టరును ఒక పట్టీ నుండి మరొక పట్టీకి జరపడమే. మిగిలిన చానళ్ళు కూడా అదే క్షణంలో అదే తీగ ద్వారా ఇంట్లోకి వస్తూనే ఉంటాయి.

550 మెగాహెర్ట్జ్‌ల వరకు పనిచేసే కేబుల్ వ్యవస్థలో ఈ విధంగా అరవైకి పైగా చానళ్ళు పట్టేవి. 2011లో కేబుల్ టెలివిజన్ చట్టాన్ని సవరించి, దేశమంతటా దశలవారీగా డిజిటల్ ప్రసారాలను తప్పనిసరి చేశారు. చివరి దశ అయిన గ్రామీణ ప్రాంతాలకు గడువు 2017 మార్చి 31తో ముగిసింది. డిజిటల్ పద్ధతిలో ఒక్క 8 మెగాహెర్ట్జ్‌ల పట్టీ సెకనుకు సుమారు 38 మెగాబిట్లు మోయగలదు. పూర్వం ఒక చానల్ పట్టిన చోట పది, పన్నెండు సాధారణ చానళ్ళు పట్టడం మొదలైంది. ఇందులో పౌనఃపున్య విభజన, కాల విభజన రెండూ కలిసి ఉన్నవి.

టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండ్

డయల్-అప్ కాలంలో ఇంటర్నెట్టు వాడుతున్నంతసేపూ టెలిఫోను పనిచేసేది కాదు. మోడెము స్వరానికి కేటాయించిన పట్టీనే వాడుకోవడం ఇందుకు కారణం. 2005లో భారత్ సంచార్ నిగమ్ బ్రాడ్‌బ్యాండ్ సేవ ప్రారంభించిన తరువాత ఈ ఇబ్బంది తొలగింది. ఏడీఎస్ఎల్ అనే ఈ పద్ధతిలో పాత రాగి తీగనే మూడు భాగాలుగా పంచారు.

* 0 నుండి 4 కిలోహెర్ట్జ్‌ల వరకు - టెలిఫోను సంభాషణ
* సుమారు 25 నుండి 138 కిలోహెర్ట్జ్‌ల వరకు - ఇంటి నుండి ఎక్స్ఛేంజీకి పోయే సమాచారం
* 138 నుండి 1,104 కిలోహెర్ట్జ్‌ల వరకు - ఎక్స్ఛేంజీ నుండి ఇంటికి వచ్చే సమాచారం

టెలిఫోనుకు, మోడెముకు మధ్య అమర్చే చిన్న స్ప్లిట్టరు పెట్టె నిజానికి ఒక ఫిల్టరు. దానిని తీసివేస్తే ఫోనులో బుసబుస శబ్దం వినపడేది, కనెక్షను మాటిమాటికీ తెగిపోయేది. పై పౌనఃపున్యాలు రాగి తీగలో త్వరగా క్షీణిస్తాయి కావున ఎక్స్ఛేంజీకి నాలుగైదు కిలోమీటర్లు దాటిన ఇళ్ళకు ఈ సేవ సరిగా అందేది కాదు. పట్టణాలకు అందినంతగా శివారు పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ అందకపోవడానికి ఇది ఒక కారణం.

ఏపీ ఫైబర్‌నెట్

2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ అనే సంస్థను ఏర్పాటు చేసింది. 2016 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో ఈ సేవలు మొదలైనవి. 2017 డిసెంబరు 27న గుంటూరు జిల్లా వెలగపూడిలోని సచివాలయం వద్ద నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని జాతికి అంకితం చేశాడు. ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజన్ చానళ్ళు మూడింటినీ కలిపి నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇవ్వడం అప్పట్లో విశేషంగా చెప్పుకొన్నారు.

కందకాలు తవ్వకుండా, అప్పటికే ఉన్న కరెంటు స్తంభాల మీదుగా తొలి దశలో సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబరును లాగడం ఈ పథకపు ప్రత్యేకత. కూడళ్ళ పరికరాలను విద్యుత్ ఉపకేంద్రాలలో ఉంచారు. రాగి టెలిఫోను తీగను కరెంటు తీగల పక్కన దూరం లాగితే అందులో 50 హెర్ట్జ్‌ల హోరు చేరుతుంది. గాజులోని కాంతికి విద్యుదయస్కాంత క్షేత్రం వల్ల అటువంటి బాధ లేదు. ఈ కేబుల్‌లో లోహం కూడా ఉండదు. అందువల్లనే ఒకే స్తంభాన్ని కరెంటు, సమాచారం రెండూ పంచుకోగలిగినవి.

ఇటువంటి వ్యవస్థలలో వాడే సాంకేతికతను జీపాన్ అంటారు. ఇందులో కూడలి నుండి ఒక్క తంతువు బయలుదేరి, కరెంటు అవసరం లేని స్ప్లిట్టరు వద్ద 32 లేదా 64 శాఖలుగా చీలి ఇళ్ళకు చేరుతుంది. దీనిలో మూడు రకాల పంపకాలు ఒకేసారి జరుగుతాయి.

* ఇంటికి వచ్చే సమాచారం 1,490 నానోమీటర్ల కాంతి మీద, ఇంటి నుండి పోయేది 1,310 నానోమీటర్ల కాంతి మీద ప్రయాణిస్తాయి. కావున ఒకే తంతువులో ఎదురెదురుగా పోయినా ఢీకొనవు.
* ఇంటివైపు వచ్చే సమాచారం అందరికీ కలిపి సెకనుకు 2.488 గిగాబిట్లు. ఇది శాఖలోని అన్ని ఇళ్ళకూ చేరుతుంది. ప్రతి ఇంటి పెట్టె తన గుర్తు ఉన్న భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది. ఒకరిది మరొకరు చదవకుండా గూఢలిపిలోకి మార్చి పంపే ఏర్పాటు కూడా ఉన్నది.
* ఇళ్ళ నుండి కూడలికి పోయే సమాచారం అందరికీ కలిపి సెకనుకు 1.244 గిగాబిట్లు. ఇక్కడ వంతులు తప్పనిసరి. ఏ ఇంటి పెట్టె ఎప్పుడు కాంతిని వెలిగించాలో కూడలి పరికరం నిర్ణయిస్తుంది.

మూడవ అంశంలో ఒక చిక్కు ఉన్నది. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు, అనగా కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది. కూడలికి 2 కిలోమీటర్ల దూరంలో ఒక ఇల్లు, 12 కిలోమీటర్ల దూరంలో మరొక ఇల్లు ఉంటే వాటి కాంతి చేరే సమయాలలో 50 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. ఆ వ్యవధిలో 62 వేలకు పైగా బిట్లు పోగలవు. ఈ తేడాను పట్టించుకోకపోతే ఒకరి వంతు మీద మరొకరి సమాచారం పడుతుంది. అందుచేత కొత్త పెట్టెను కలిపినప్పుడు కూడలి పరికరం దాని దూరాన్ని కొలిచి, దగ్గరి ఇంటిని కొంతసేపు ఆగి పంపమని ఆదేశిస్తుంది. ఫలితంగా దగ్గరివీ దూరానివీ అన్నీ ఒకే దూరంలో ఉన్నట్లుగా వంతు తప్పకుండా పనిచేస్తాయి.

ఇతర ఉదాహరణలు

ఇంటి మీది డీటీహెచ్ డిష్ నుండి సెట్ టాప్ బాక్సుకు వచ్చే ఒకే తీగ నాలుగు పనులు చేస్తుంది. డిష్ అందుకున్న చానళ్ళు 950 నుండి 2,150 మెగాహెర్ట్జ్‌ల పట్టీలో కిందికి వస్తాయి. డిష్ ముందుండే ఎల్ఎన్‌బీకి కావలసిన కరెంటు అదే తీగలో పైకి పోతుంది. ఆ కరెంటు 13 వోల్టులు ఉంటే నిలువు ధ్రువణం గల చానళ్ళను, 18 వోల్టులు ఉంటే అడ్డ ధ్రువణం గల చానళ్ళను ఎన్నుకోమని అర్థం. దీనితోపాటు 22 కిలోహెర్ట్జ్‌ల సంకేతం పట్టీని మార్చడానికి ఉపయోగపడుతుంది.

పెద్ద విద్యుత్ ఉపకేంద్రాలలో హైటెన్షన్ లైన్లకు డోలు ఆకారంలో ఒక పెద్ద తీగచుట్ట వేలాడుతూ కనిపిస్తుంది. దీనిని వేవ్ ట్రాప్ అంటారు. 50 హెర్ట్జ్‌ల విద్యుత్తును మోసే ఆ లైను మీదనే కొన్ని పదుల, వందల కిలోహెర్ట్జ్‌ల వద్ద ఉపకేంద్రాల మధ్య సంభాషణలు, రక్షణ సంకేతాలు నడుస్తాయి. వేవ్ ట్రాప్ విద్యుత్తును పోనిచ్చి, ఆ సంకేతాలు ఉపకేంద్రపు యంత్రాలలోకి పోకుండా ఆపుతుంది.

జోక్యానికి కారణాలు

ఏర్పాటు సరిగా లేనప్పుడు సంకేతాలు ఒకదానిలోనికి మరొకటి చొరబడుతాయి. ముఖ్యమైన కారణాలు ఇవి.

* క్రాస్‌టాక్: పక్కపక్కనే పోయే రాగి జతలలో ఒకదాని సంకేతం మరొకదానిలో లీలగా వినపడడం. జతలోని రెండు తీగలను ఒకదానితో ఒకటి మెలివేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది.
* ఇంటర్‌మాడ్యులేషన్: ఆంప్లిఫయరు శక్తికి మించి పనిచేసినపుడు సంకేతాలు కేవలం కలవడంతో ఆగక, లేని పౌనఃపున్యాలను కొత్తగా పుట్టిస్తాయి. ఉదాహరణకు కేబుల్ టీవీలో 5వ చానల్ చిత్ర వాహకం 175.25, 6వ చానల్ వాహకం 182.25 మెగాహెర్ట్జ్‌లు. రెండవదానిని రెట్టింపు చేసి మొదటిదానిని తీసివేస్తే 364.50 - 175.25 = 189.25 మెగాహెర్ట్జ్‌లు వస్తుంది. ఇది సరిగ్గా 7వ చానల్ వాహకం. కావున 5, 6 చానళ్ళు శ్రుతి మించితే గీతలు పడేది 7వ చానల్‌లో. దూరపు వీధికి బొమ్మ రావడం లేదని ఆంప్లిఫయరును అతిగా పెంచితే అందరి బొమ్మలూ చెడడానికి కారణం ఇదే.
* బయటి సంకేతాల చొరబాటు: కనెక్టరు వదులైనా, కేబుల్ పైతొడుగు చిరిగినా దగ్గరలోని రేడియో ప్రసారాలు, మోటారు వాహనాల స్పార్కు ప్లగ్గుల రొద లోపలికి చేరుతాయి.
* వంతు తప్పడం: కాల విభజనలో ఒక పరికరం గడియారం తప్పితే ఇతరుల వంతులు పాడవుతాయి. ఫైబరు వ్యవస్థలో ఒక ఇంటి పెట్టె చెడిపోయి ఎడతెగకుండా కాంతిని పంపుతూ ఉంటే, ఆ శాఖలోని అన్ని ఇళ్ళ సేవా నిలిచిపోవచ్చును. అప్పుడు ఒక్కొక్క ఇంటినీ విడదీస్తూ దోషం ఉన్న పెట్టెను పట్టుకోవలసి ఉంటుంది.

పరిమితులు

మల్టీప్లెక్సింగ్ మార్గపు సామర్థ్యాన్ని పంచుతుంది గాని పెంచదు. ఒక మార్గం గరిష్ఠంగా ఎంత సమాచారం మోయగలదన్నది దాని పట్టీ వెడల్పు మీదను, సంకేతానికీ రొదకూ గల నిష్పత్తి మీదను ఆధారపడి ఉంటుందని 1948లో క్లాడ్ షానన్ నిరూపించాడు. జీపాన్ శాఖలో 2.488 గిగాబిట్లను 32 ఇళ్ళకు సమానంగా పంచితే ఒక్కొక్కరికి సుమారు 78 మెగాబిట్లు, 64 ఇళ్ళకు పంచితే సుమారు 39 మెగాబిట్లు వస్తుంది. అందరూ ఒకే సమయంలో వాడరన్న అంచనాతో సంస్థలు అంతకన్నా ఎక్కువ వేగాలను కూడా అమ్ముతాయి. ఆ అంచనా తప్పే సాయంకాలపు వేళలలో వేగం తగ్గడం వినియోగదారులకు అనుభవమే.

పంచుకోవడంలో మరొక నష్టభయం కూడా ఉన్నది. మార్గం ఒక్కటే అయినపుడు ఆపద కూడా అందరికీ ఒక్కటే. శీతల గిడ్డంగిలో మిర్చి నిల్వ ఉంచి యార్డు ధర తెలుసుకుని అమ్మదలచిన రైతు, ఆన్‌లైన్‌లో పాఠం వింటున్న విద్యార్థి, గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టుకున్న వృద్ధురాలు ఒకే తంతువు మీద ఆధారపడి ఉండవచ్చు. ఈ తీరానికి తుపానులు కొత్త కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. గాలికి ఒక స్తంభం పడిపోతే కరెంటు, టెలిఫోను, టీవీ, ఇంటర్నెట్టు అన్నీ ఒకేసారి ఆగిపోయే అవకాశం ఉన్నది. భూగర్భంలో వేసిన కేబుల్‌కు ఖర్చు ఎక్కువైనా ఈ భయం తక్కువ. ముఖ్యమైన మార్గాలను వలయాకారంలో నిర్మించి, ఒకవైపు తెగితే రెండవవైపు నుండి సంకేతాలు పోయే ఏర్పాటు చేస్తారు. అయితే చివరి స్తంభం నుండి ఇంటికి వచ్చే శాఖకు సాధారణంగా రెండవ దారి ఉండదు. సంకేతాలను వేరుచేయడంలో శాస్త్రం సాధించిన విజయాన్ని నిలబెట్టేది ఆ చివరి తీగ పటిష్ఠతే.

ఇవి కూడా చూడండి

* ఆప్టికల్ ఫైబర్
* మాడ్యులేషన్
* కేబుల్ టెలివిజన్
* టెలిఫోను
* ఇంటర్నెట్
* అలెగ్జాండర్ గ్రాహం బెల్